తీగలేని చెలిమి

ఒకరి ఇంటికి వెళ్ళినప్పుడు గడపకు ఇవతలనే నిలిచి సలాం చెప్పడం, లోపలినుండి అనుమతి వచ్చిన పిమ్మటనే అడుగు పెట్టడం మన పెద్దలు నేర్పిన మర్యాద. మూడుమార్లు పిలిచినా బదులు రానప్పుడు నొచ్చుకొనక వెనుదిరగాలని కూడా వారే నేర్పారు. తెలుగింటి ఆచారమూ ఇందుకు భిన్నమేమీ కాదు. ఈ మర్యాదలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. వచ్చినవాడెవడో ఇంటివారికి తెలుస్తుంది. రానివాడిపై వచ్చాడన్న నింద పడకుండా ఉంటుంది. మన జేబులలోను, బల్లలపైన, గోడలమీద వచ్చి చేరిన తీగలేని పరికరాలకు ఈ మర్యాద ఎంతవరకు అబ్బినదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం. విద్యార్థులతోపాటు కళాశాల కమిటీ పెద్దలు కూడ దీనిని చదువుతారన్న ఆశతో కొన్ని సంగతులు కాస్త వివరంగానే వ్రాస్తున్నాము.

తీగకు రెండు కొసలుంటాయి. ఏ కొస ఎక్కడ చేరినదీ కంటికి కనిపిస్తుంది. కావలసినవారు చేతితో తడిమి చూడవచ్చు. తరంగానికి కొస లేదు. 1895లో జగదీశ్ చంద్ర బోసు మహాశయుడు కలకత్తా టౌన్ హాలులో అదృశ్య తరంగాలను గోడలకు అవతలికి పంపి అక్కడ గంట మ్రోగించాడు, తుపాకిమందు పేల్చాడు. చూచినవారు గోడ అడ్డురాలేదని అబ్బురపడ్డారు. ఆ అబ్బురంలోనే మన చిక్కు కూడ దాగి ఉన్నది. మన మాటకు అడ్డురాని గోడ పరుల మాటకు మాత్రం ఎందుకు అడ్డు వస్తుంది?

ఈ ప్రశ్నను లోకానికి మొదట వేసినవాడు శాస్త్రజ్ఞుడు కాడు, ఒక ఇంద్రజాలికుడు. 1903 జూన్ నెలలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసశాలలో ఫ్లెమింగ్ పండితుడు నిస్తంత్రి వార్తాప్రసారాన్ని సభికులకు ప్రదర్శించడానికి సిద్ధమైనాడు. సుమారు 300 మైళ్ళ దూరాన కార్న్‌వాల్ తీరమందలి పోల్‌ధూ కేంద్రం నుండి మార్కోని సందేశం పంపవలసి ఉన్నది. తన పద్ధతిలో వెళ్ళే వార్తకు ఇతరులు అడ్డుతగలజాలరని మార్కోని అంతకు ముందే చాటి ఉన్నాడు. ఆ సందేశం రాకముందే సభలోని యంత్రం టకటక కొట్టుకొనసాగింది. మోర్స్ లిపి తెలిసిన సహాయకుడు చెవియొగ్గి వింటే వచ్చిన మాట "ర్యాట్స్", అనగా ఎలుకలు! అదే మాట పదే పదే వచ్చింది. ఆ వెనుక మార్కోనిని వెక్కిరించే పద్యమొకటి మొదలైనది. పంపినవాడు నెవిల్ మాస్కెలిన్ అనే గారడీవాడు. సముద్రగర్భ తంతివ్యాపారం చేసే కంపెనీవారి అండ అతనికి ఉన్నది. ఫ్లెమింగ్ మండిపడి టైమ్స్ పత్రికకు లేఖ వ్రాశాడు. మాస్కెలిన్ అదే పత్రికలో జవాబిస్తూ, లోపం ఉన్నదని ప్రజలకు తెలియజేయడానికే ఆ పని చేశానన్నాడు. అతడి మర్యాదను మేము మెచ్చుకొనలేము. అతడు వేసిన ప్రశ్నను మాత్రం కాదనలేము. నూటయిరవై ఏళ్ళు దాటినా అది ఇంకా సభలోనే నిలిచి ఉన్నది.

బ్లూటూత్ అనే పేరు నేడు చిన్నపిల్లలకు సైతం పరిచితమే. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డ్‌కు గల మారుపేరు అది. స్వీడను దేశపు ఎరిక్‌సన్ కంపెనీలో 1994 ప్రాంతంలో మొలకెత్తిన ఈ విద్యను 1998లో అయిదు కంపెనీలు సంఘంగా ఏర్పడి లోకానికి అందించాయి. రెండు పరికరాలు మాట్లాడుకొనేటప్పుడు 79 సన్నని మార్గాల నడుమ సెకనుకు 1600 సార్లు ఒకదానినుండి మరొకదానికి గెంతుతూ ఉంటాయి. ఇంత వేగంగా గెంతే మాటను పట్టుకొనేదెవరని కొందరు నిశ్చింతగా ఉంటారు. కాని ఈ గెంతులాట ముఖ్యంగా రద్దీని తప్పించుకొనడానికే ఉద్దేశించినది. గెంతే క్రమం తెలుసుకొన్నవాడు వెంట గెంతగలడు. అసలు రక్షణ అంతా మొదటి పరిచయంలో ఉన్నది. రెండు పరికరాలను మొదటిసారి జతకలిపే ఆ కొద్ది క్షణాలలో ఉభయులకు ఉమ్మడిగా ఒక రహస్యం ఏర్పడాలి. అది గట్టిగా ఏర్పడితే తరువాతి మాటలన్నీ భద్రం. అది బోలుగా ఉంటే పైన ఎన్ని తాళాలు వేసినా ప్రయోజనం లేదు.

తొలినాళ్ళలో ఈ రహస్యం నాలుగంకెల సంఖ్యగా ఉండేది. నాలుగంకెలతో ఏర్పడే సంఖ్యలు పదివేలే గదా! పైగా తయారీదారులలో చాలామంది "0000" అనో "1234" అనో తామే నిర్ణయించి పెట్టెమీద అచ్చువేసేవారు. జతకలిపే సమయంలో సాగిన సంభాషణను ఎవరైనా పొంచి నమోదు చేసుకొంటే, ఆ సంఖ్యను సాధారణ కంప్యూటరు ఒక సెకనులోపే కనిపెట్టగలదని 2005లో ఇజ్రాయేలు పరిశోధకులు నిరూపించారు. 2007లో పద్ధతి మారింది. ఇప్పుడు రెండు ఫోనులను జతకలిపితే రెండు తెరలమీదా ఆరంకెల సంఖ్య కనిపిస్తుంది. రెండూ ఒకటేనా అని పోల్చి చూచి అవునంటేనే స్నేహం కుదురుతుంది. నడుమ ఎవరైనా చొరబడి ఉంటే ఆ అంకెలు సరిపోలవు. ఎంత చక్కని ఏర్పాటు! కాని ఆ అంకెలను నిజంగా చదివి పోల్చినవారిని మేము చూచినంతలో వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. ప్రశ్న పూర్తిగా పడకముందే బొటనవ్రేలు "సరే" మీద పడుతుంది. ఇక తెరయే లేని పరికరాల మాట? చెవిలో పెట్టుకొనే మ్రోతలకు, సభలలో పెట్టే స్పీకర్లకు అంకెలు చూపే వీలు లేదు గనుక, వాటికి ఏ పోలికా లేకుండ ఊరకే కలిసిపోయే పద్ధతినే ఏర్పాటు చేశారు. గడప మీద సలాం లేదు, లోపలినుండి జవాబూ లేదు. తలుపు తోసుకొని రావడమే.

రహస్యపు తాళపుచెవి పొడవును కూడ పరికరాలు రెండూ బేరమాడుకొంటాయన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. గట్టి సంకేతలిపిని కొన్ని ప్రభుత్వాలు ఒప్పుకొనని కాలంలో, అక్కడ కూడ పరికరాలు అమ్ముడుపోవాలని ఈ వెసులుబాటు పెట్టారు. 2019లో ముగ్గురు పరిశోధకులు దానిలోని దోషాన్ని బయటపెట్టారు. నడుమ నిలిచిన దుర్జనుడు ఈ బేరంలో జోక్యం చేసుకొని, 16 బైట్ల తాళపుచెవిని ఒక్క బైటుకు కుదించగలడట. ఒక బైటు అంటే 256 తాళపుచెవులు మాత్రమే. విసుగులేని యంత్రానికి అది ఎంత పని? ఏడు బైట్లకు తక్కువైన బేరాన్ని ఒప్పుకొనరాదని తరువాత నియమం సవరించారు. అవసరం తీరిపోయిన వెసులుబాటు ఇరవై యేళ్ళపాటు గూటిలో అట్లే ఉండిపోవడమే ఇందులో మాకు విస్మయం కలిగించిన సంగతి. పాత ఇంటికి వెనుక గుమ్మం ఉన్నదని ఇంటివారే మరచిపోయినట్లున్నది.

ఇవన్నీ విదేశాల ప్రయోగశాలల ముచ్చట్లని తోచవచ్చును. కావున మా ఎదుట జరిగిన ఒక ఘటన చెప్పుతాము.

గత శీతకాలంలో మా పేటలో ఒక చిన్న ముషాయిరా జరిగింది. ఉర్దూ కవులు ముగ్గురు, తెలుగు కవులు ఇద్దరు. నిర్వాహకులు చక్రాలమీద నడిచే పెద్ద స్పీకరు నొకదానిని అద్దెకు తెచ్చారు. ప్రారంభంలో నాత్ వినిపించడానికి నిర్వాహకులలో ఒకరు తమ ఫోనును దానితో జతకలిపారు. తరువాత కవులు మైకులో చదవసాగారు. వృద్ధకవి ఒకరు మత్లా చదివి, సభ వాహ్వా అన్నంతనే రెండవ షేరు అందుకొనబోతుండగా స్పీకరులోనుండి సినిమాపాట ఒకటి హోరున వెలువడినది. కవిగారు నివ్వెరపోయి కాగితం దించేశారు. వెనుక వరుసలో గోడకానుకొని ఫోను చూచుకొంటున్న కుర్రవాడొకడు అందరి కంటా పడ్డాడు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న పిల్లవాడు.

"ఏరా, కవిత్వమంటే నీకు తమాషాగా ఉందా? ఇటు ఇవ్వు ఆ ఫోను!"

"నేను కాదు చాచా, ఖసమ్! నేను పరీక్షల టైంటేబిల్ చూసుకుంటున్నా" అన్నాడు వాడు.

వాడి మాట వినేదెవరు? ఫోను లాక్కొన్నారు, ఆపివేశారు. పాట మాత్రం ఆగలేదు. ఫోను పెద్దమనిషి చేతిలో నల్లగా ఆరిపోయి ఉన్నది. స్పీకరు పాడుతూనే ఉన్నది. అయినా కొందరు వాడి జేబులు తడిమారు, రెండవ ఫోను ఉండవచ్చునని! చివరికి ఎవరో స్పీకరు మీట నొక్కితే గాని శాంతించలేదు. విచారించగా తెలిసినదేమంటే, నాత్ వినిపించిన నిర్వాహకునికి ఫోను రాగా మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్ళాడు. దూరం కావడంతో బంధం తెగింది. స్పీకరు వెంటనే తనకు పూర్వపరిచయం ఉన్న మరొక ఫోనును పట్టుకొన్నది. ఆ ఫోను అద్దె దుకాణంలో పనిచేసే పిల్లవానిది. వాడు బయట ట్రాలీ ఆటోలో కూర్చొని, ఏ పాపమూ ఎరుగక, పొద్దుపోవడానికి పాట పెట్టుకొన్నాడు. తన పాట తనకు వినిపించకపోవడమేమిటని వాడూ ఫోనును అటూ ఇటూ త్రిప్పి చూస్తున్నాడట.

ఈ కథలో దొంగ లేడు. ఉన్నది అనుమానితుడు మాత్రమే. కవిగారు పెద్దమనసుతో గజల్‌ను మొదటినుండి చదివారు. సభ రక్తికట్టింది. ఆ కుర్రవాడు మాత్రం తిరిగి వచ్చి కూర్చొనలేదు. తరువాత మేము అడిగితే, "సార్, ఆ చాచా నా జేబులు వెదికినప్పుడు మా నాన్న స్నేహితులు ముందు వరుసలోనే ఉన్నారు" అని మాత్రం అన్నాడు.

తీగలేని బంధాలలోని లోపాన్ని గురించి మాట్లాడేవారు సాధారణంగా పోయే డబ్బును గురించి, బయటపడే రహస్యాలను గురించి మాట్లాడుతారు. అవి లేవని మేము అనము. కాని ఎవరికైనా తెరచుకొనే తలుపు మరొక అపకారం కూడ చేస్తుంది. లోపలికి వచ్చినవాడు ఎవడో చెప్పలేని స్థితిలో, దగ్గరలో నిలిచి ఉన్నవాడే దోషిగా కనిపిస్తాడు. ఎవరిపైన అనుమానం మొదట వాలుతుందో మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు.

2008 జులై 26న అహ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వార్తాసంస్థలకు ఒక ఈమెయిల్ అందింది. పోలీసులు దాని జాడ తీయగా అది నవీ ముంబైలో ఒక అమెరికను దేశీయుడు నివసించే ఇంటి ఇంటర్‌నెట్ చిరునామాను చూపింది. ఆయనను ప్రశ్నించారు, ఇల్లు సోదా చేశారు, కంప్యూటర్లు తీసుకొనిపోయారు. ఆ ఇంటి వైఫైని మరెవరో వాడుకొన్నారని తరువాత గాని తేలలేదు. గాలిలోకి ప్రసరించిన తరంగం గోడ దాటి వీధిలోకి వచ్చింది. వీధిలోనివాడు దానిని పట్టుకొని తన పని చేసుకొని పోయాడు. ఆ మరుసటి సంవత్సరం కేంద్ర దూరసంచార శాఖ వైఫై వినియోగానికి భద్రతానియమాలు విధించింది. ఆయనకు వాదించడానికి, విమానమెక్కడానికి స్తోమత ఉన్నది. అదే పరిస్థితి మన పేటలోని ఒక కిరాణా దుకాణదారునికి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇక వైఫై తాళాల చరిత్ర కొంత తెలుసుకొనవలసి ఉన్నది. మొదట 1997లో వచ్చిన వెప్ అనే తాళాన్ని 2001లోనే పండితులు ఛేదించారు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 చాలాకాలం నమ్మకంగా పనిచేసింది. 2017లో బెల్జియం పరిశోధకుడొకడు అందులోనూ లోపం చూపాడు. ఫోనులలోని సాఫ్ట్‌వేరును సవరించి దానిని చాలవరకు పూడ్చారు. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. వీటన్నిటికంటె మాకు నచ్చిన పాఠం ఒక మీట కథలో ఉన్నది. పాస్‌వర్డు టైపు చేయలేనివారి సౌకర్యార్థం రౌటర్లలో డబ్ల్యూపీఎస్ అనే ఏర్పాటు చేశారు. ఎనిమిదంకెల సంఖ్య చెప్పితే చాలు, తలుపు తెరుచుకొంటుంది. ఎనిమిదంకెలంటే పదికోట్ల సంఖ్యలు, ఎవరు వెదకగలరనుకొన్నారు. కాని రౌటరు ఆ సంఖ్యను రెండు ముక్కలుగా సరిచూస్తుంది. మొదటి నాలుగంకెలు తప్పయితే వెంటనే తప్పని చెప్పివేస్తుంది. కాబట్టి మొదటి ముక్కకు పదివేల ప్రయత్నాలు చాలు. చివరి అంకె మిగిలిన ఏడింటి నుండి లెక్కకట్టి రాబట్టేది కావడంచేత రెండవ ముక్కకు వెయ్యి మాత్రమే. పదికోట్లు కాస్తా పదకొండువేలై కూర్చొన్నది! 2011లో ఇది వెలుగుచూచినది. గణితం చదివే విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి కాగితంమీద వేసి చూడవలెనని మా కోరిక.

కమిటీ పెద్దలకు మా మనవి కూడ ఇక్కడే చేస్తాము. విద్యార్థివేతనాల కోసం పిల్లలు తెచ్చి ఇచ్చే ఆధార్ ప్రతులు, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకాల నకళ్ళు కళాశాలల కార్యాలయాలలోని కంప్యూటర్లలో చేరుతున్నాయి. అవి మన చేతిలో పెట్టిన అమానత్. ఆ కంప్యూటర్లు, వచ్చిపోయే అతిథులకు ఇచ్చే వైఫై ఒకే వలలో ఉండరాదు. నేటి రౌటర్లలో చాలావాటికి అతిథులకు వేరొక వల ఏర్పరచే సదుపాయం ఉన్నది. అందుకు కావలసినది ఒక గంట శ్రమ మాత్రమే. రౌటరును కొన్నప్పుడు దానితో వచ్చిన అధికారి పాస్‌వర్డును మార్చాలి. పైన చెప్పిన ఎనిమిదంకెల ఏర్పాటును ఆపివేయాలి. తాళం డబ్ల్యూపీఏ3 గాని, అది లేనప్పుడు డబ్ల్యూపీఏ2 గాని కావాలి. వెప్ మాత్రమే తెలిసిన పెట్టె ఎక్కడైనా మిగిలి ఉంటే దానిని వదిలించుకొనడమే మేలు. సభలలో వాడే చవక రకపు తీగలేని మైకుల మాటలకు ఏ సంకేతలిపి రక్షణా ఉండదు. తగిన రిసీవరు ఉన్నవాడు ప్రహరీగోడకు ఆవల కూర్చొని వినగలడు. నియామకాల వంటి విషయాలు చర్చించే సమావేశాలలో తీగ ఉన్న మైకునే వాడడం ఉత్తమం. తీగను పాతకాలపు వస్తువని చిన్నచూపు చూచేవారిని మేము ఎరుగుదుము. ముషాయిరా స్పీకరుకు మూడు గజాల తీగ ఉండి ఉంటే ఒక పిల్లవాడి జేబులు వెదకవలసిన అగత్యం కలిగేది కాదు.

మరొక మనవి. వైఫై నమోదు పుస్తకంలో ఏదైనా తప్పుపనికి ఎదురుగా ఒక ఫోను గుర్తింపు సంఖ్య కనిపించినంతమాత్రాన, ఆ ఫోను యజమానిని దోషిగా ఎంచరాదు. ఆ సంఖ్యను మార్చుకొనడం, మరొకరి సంఖ్యను తొడుగుకొనడం కష్టమైన పని కాదు. విచారణకు అది ఆరంభం కావచ్చును గాని, తీర్పు కాజాలదు. అదే విధంగా విద్యార్థులు కూడ ఈ లోపాలను ఇతరుల పరికరాలపై ప్రయోగించి చూడాలనే ఉబలాటానికి లోను కారాదు. అనుమతి లేకుండ దురుద్దేశంతో అన్యుల కంప్యూటరులో చొరబడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం మూడేళ్ళవరకు జైలుశిక్షకు తగిన నేరం. మాస్కెలిన్ మనదేశంలో ఉంటే, సంకల్పం ఏదైనా సంజాయిషీ మాత్రం న్యాయస్థానంలోనే చెప్పుకొనవలసి వచ్చేది.

లోపం కనిపెట్టడం ఒక ఎత్తు, దానిని పూడ్చడం మరొక ఎత్తు. 2017లో అమెరికాలో గుండెను నడిపించే పేస్‌మేకర్లు కొన్నింటిలో ఇట్టి నిస్తంత్రి లోపమే బయటపడినది. సుమారు 4 లక్షల 65 వేల పరికరాలు. శస్త్రచికిత్స అవసరం లేకుండ, రోగి ఆసుపత్రికి వస్తే మూడు నిమిషాలలో కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించే ఏర్పాటు చేశారు. గుండెలో ఉన్న యంత్రానికి మరమ్మతు చేయగలిగారు. చేతిలో ఉన్న ఫోనుకు మాత్రం ఆ భాగ్యం అందరికీ లేదు.

2023 చివరలో ఒక పరిశోధకుడు బయటపెట్టిన లోపాన్నే చూడండి. దగ్గరలో ఉన్న దుర్జనుడు తన యంత్రాన్ని బ్లూటూత్ కీబోర్డుగా నటింపజేసి, యజమానిని అడగకుండనే ఫోనుతో జతకలిసి, తనకు తోచిన మాటలు ఆ ఫోనులో టైపు చేయగలడు. ఆండ్రాయిడ్ 11 మొదలుకొని పై రకాలకు 2023 డిసెంబరులో సవరణ వచ్చింది. 4.2.2 నుండి 10 వరకు గల పాత రకాలకు రాలేదు. కొత్త ఫోను కొనగలవాని తలుపుకు గడియ బిగించారు. అన్నగారి పాత ఫోను వాడుకొనే చెల్లెలి తలుపు తెరచియే ఉంచారు. కంపెనీల లెక్క వారికి ఉండవచ్చును. ఈ లెక్క మాత్రం మాకు న్యాయంగా తోచలేదు.

ఈ సంగతి తెలిసిన తరువాత ఒక శుక్రవారం మా తరగతిలో ఎవరి ఫోను ఏ రకమో చూచుకొనమన్నాము. సెట్టింగులలో చివరన, ఫోనును గురించి అన్న చోట ఆ సంఖ్య ఉంటుంది. పది, అంతకు తక్కువ వచ్చినవారు చేతులెత్తమంటే ఎత్తిన చేతులు తక్కువేమీ కాదు. కొన్ని చేతులు సిగ్గుతో సగమే లేచాయి. అటువంటి ఫోనులకు మిగిలి ఉన్న ఉపాయం ఒక్కటే, అది ఖర్చులేనిది: పని లేనప్పుడు బ్లూటూత్‌ను ఆపివేసి ఉంచాలి. ఆపి ఉన్న ఫోనుతో ఏ నకిలీ కీబోర్డూ జతకలవజాలదు. ముందు వరుసలోని అమ్మాయి ఒకతె తెరను పైనుండి క్రిందికి లాగి, నీలిరంగులో వెలుగుతున్న గుర్తును నొక్కి ఆర్పి, తన ప్రక్కనున్న అమ్మాయి ఫోనును కూడ అందుకొన్నది.